హారన్ కింద అమ్మ

"నాయనా, ఈ పొద్దు గడ్డం గీసుకోలేదే?" అంది మా వేద, వాకిలి చివర కానుగ చెట్టు కింద నిలబడి.

నేను వసారాలో కూర్చుని తెగిన వైర్లు అతుకుతున్నాను. నా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. నిజమే, గీసుకోలేదు. ఇందులో వింతేముందంటారా? మా వేదకు కళ్ళు కనిపించవు. ఏడో ఏట మెదడువాపు జ్వరం వచ్చి, పోతూ పోతూ పిల్ల చూపును పట్టుకుపోయింది. కళ్ళ వెనక నరాలు చచ్చిపోయాయి, ఇక చేసేదేమీ లేదని బెంగళూరులో పెద్ద డాక్టరు చెప్పినప్పుడు నేను ఆయన బల్ల పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ పిల్ల పన్నెండేళ్ళ వయసులో, అంత దూరం నుంచి, నా గడ్డం మీద విచారణ పెట్టింది.

"నా గడ్డం గోల నీకేంటికే? పోయి ఉగ్గాని తిను, సల్లారిపోతాది" అని కసిరాను. కసిరి, లోపలికి పోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడ్చాను. మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు నాది. బయటికి వినపడితే పిల్ల హడలిపోతుంది.

ఆ సంతోషం తొలకరి దాకా ఉంది. తర్వాత జరిగింది చెప్పాలంటే ముందు మా ఊరి ఇసుక సంగతి చెప్పాలి.

మాది అనంతపురం జిల్లాలో, హగరి ఒడ్డున దిన్నెహాళ్. హగరికి వేదవతి అని ఇంకో పేరుంది. బిడ్డకు ఆ పేరే పెట్టుకున్నాం. ఏట్లో నీళ్ళు నేను చూసింది తక్కువ. ఇసుక మాత్రం గాలికి లేచొచ్చి పొలాల మీద దిబ్బలు కట్టింది. కొత్తగా వచ్చినవాళ్ళు 'ఎడారి మాదిరి ఉందే' అంటారు. మాదిరి ఏంది, ఎడారే. ఊరి బయట పాతకాలపు బురుజొకటి సగానికి పైగా ఇసుకలో కూరుకుపోయి ఉంది. దాని లోపల గబ్బిలాలు కాపురముంటాయి. బొటనవేలంత ఒళ్ళు, ఇసుక రంగు. ఈ దిబ్బల్లో తప్ప ఇంకెక్కడా లేని జాతి అని మా ఆవిడ చెబుతుంది.

మా ఆవిడ డాక్టర్ వన్నూరమ్మ. సూదులేసే డాక్టరు కాదు, గబ్బిలాల డాక్టరు. నేను ఎర్రిస్వామిని. 'ఎర్రిస్వామి మైక్ సెట్' అంటే ఉరవకొండ నుంచి బళ్ళారి దాకా పెళ్ళిళ్ళకూ తేరు తిరునాళ్ళకూ పిలుస్తారు. ఇద్దరికీ జోడీ ఎట్లా కుదిరిందని జనం ఇప్పటికీ ముక్కు మీద వేలేసుకుంటారు. కొట్లాటతో కుదిరింది. మా ఊరి తేరు రోజు నేను స్తంభాలకు హారన్లు కడుతుంటే ఒకావిడ జీపు దిగి గబగబా వచ్చింది.

"ఏమప్పా, ఆ హారన్ బురుజు దిక్కు ఏంటికి తిప్పినావు? నా గబ్బిలాలు అదిరిపోతాండాయి. ఇటు తిప్పు."

"ఇటు తిప్పితే సర్పంచి అదిరిపోతాడు. ఆయన బాడుగ ఇస్తాడు, నీ గబ్బిలాలు ఇస్తాయా?"

చివరికి తిప్పాను. ఆవిడ పోలేదు, అక్కడే కూర్చుంది. ఆ సాయంత్రం ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుని ఏడుస్తూ స్టేజీ దగ్గరికి వచ్చింది. తేరులో ఇది మామూలే. నేను నా పద్ధతి ప్రకారం ఆ తల్లి చేత మైకులో ఒకసారి పిలిపించి, వెంటనే హారన్ కట్టిన స్తంభం కిందికి తోలేసి, మైకు ఆపేశాను. కాసేపటికే బిడ్డ దొరికాడు. ఇదేమి పద్ధతి అని వన్నూరమ్మ అడిగింది.

"అమ్మ గొంతు యాడినుంచి వస్తే బిడ్డ ఆడికి పరిగెత్తుతాడు. అమ్మ స్టేజీ మీద ఉంటే, వాడు పోయి స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తా నిలబడతాడు. అందుకే అమ్మ హారన్ కింద ఉండల్ల. మళ్ళా మైకు ఆపల్ల. ఆపకపోతే తలెత్తి హారన్నే చూస్తాడు గానీ కింద ఉండే అమ్మను చూడడు."

ఆవిడ పడీ పడీ నవ్వింది. "మా గబ్బిలాల్లో ఆ బాధ లేదప్పా. వాటిల్లో పిల్ల పిలుస్తాది, తల్లి ఎతుక్కుంటా వస్తాది. తల్లి ఎప్పుడూ పిలవదు" అంది. అప్పటికి ఆ విద్య తెలిసిన వాళ్ళందరూ అదే అనుకునేవాళ్ళట.

వేద చూపు పోయాక వన్నూ మనసు పూర్తిగా ఒకే దాని మీద పడింది. గబ్బిలం చీకట్లో కూత వేస్తుంది. ఆ కూత దేనికైనా తగిలి తిరిగొస్తే, ఎదురుగా ఏముందో దానికి తెలుస్తుంది. మన చెవికి ఆ కూత అందదు, అంత సన్నం. వన్నూ దగ్గర ఒక పెట్టె ఉంది, ఆ కూత శ్రుతి దించి దించి మన చెవికి అందేటట్టు వినిపిస్తుంది. అదే పని బిడ్డ నుదుటి దగ్గర జరిగితే? నుదుటి మీద నుంచి కూత పోవాలి, తిరిగొచ్చింది చెవుల వెనక ఎముకకు అందాలి. లెక్కలు ఆవిడవి, స్పీకర్లు నావి. గోరంత స్పీకరు చెయ్యడానికి నేను పడిన పాట్లు ఇంకెవరూ పడి ఉండరు. మొత్తానికి తలకు కట్టుకునే పట్టీ ఒకటి తయారైంది.

మొదట మిషను పుట్టించిన కూత వేశాం. దాంతో గోడ ఉందా లేదా, అంతవరకే తెలిసేది. మా ఇసుక శబ్దాన్ని మింగేస్తుంది. ఇక్కడ హారన్లు రెండింతలు పెడితే తప్ప పాట చివరిదాకా పోదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ ఇసుక నుంచి తిరిగొచ్చే కూత ఈ ఇసుకలో పుట్టిన జీవికే తెలుసు. అందుకని వన్నూ ఏళ్ళ తరబడి బురుజు దగ్గర రికార్డు చేసిన అసలు కూతలు ఒక్కొక్కటే పట్టీలో వేస్తూ పోయాం. వేద కానుగ చెట్టుకు ఎదురుగా కూర్చుని 'ఊహూ' అంటుంది, మేము ఇంకొకటి వేస్తాం.

శివరాత్రి ముందు ఒక మధ్యాహ్నం పిల్ల ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"ఇదే! నాయనా, ఇదే! ఆకులు ఇడిఇడిగా వస్తాండాయి!"

పరుగెత్తి పోయి ఒక ఆకును రెండు వేళ్ళతో పట్టుకుంది. తడుముకోలేదు. సూటిగా పోయి పట్టుకుంది. అది ఎప్పటి కూత అని వన్నూ చూసింది. పోయిన వానాకాలంలో, గబ్బిలాలు మేత ముగించుకుని బురుజుకు తిరిగొచ్చేటప్పుడు తీసింది. "ఇంటికొచ్చేటప్పుడు తొందరుండదు, నిదానంగా నిండుగా కూస్తాయి" అంది. నేనూ పెట్టెలో విన్నాను. ఎంత గలాటాలోనైనా చీల్చుకుపోయే గొంతు. మైకువాడి చెవికి అట్లాంటిది దొరికితే పండగే. మా ముగ్గురికీ నచ్చింది, అదే ఖాయం చేశాం.

"చూపు మాదిరి కాదు నాయనా" అని వేద చెప్పింది. "చేత్తో తడిమినట్టుంటాది. కాకుంటే చెయ్యి చానా పొడుగు." రంగు తెలియదు, ఫొటోలో బొమ్మ తెలియదు. కానీ సూదిలో దారం ఎక్కించింది. బడిలో తన నేస్తం రమీజాతో తొక్కుడుబిళ్ళ ఆడింది. రమీజా దీన్ని 'గబ్బిలాయి' అని పిలిస్తే ఇది దాని జడ పట్టుకుని లాగిందట. పంతులు ఇద్దర్నీ నిలబెట్టాడని విని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఒకరోజు వాళ్ళమ్మ ముఖం కేసి చాలాసేపు తిరిగి, "అమ్మా, నువ్వు బక్కగా అయినావు" అంది. వన్నూ అన్నం కలుపుతూ ఉండిపోయింది.

తొలకరి పడింది. గబ్బిలాలు పిల్లలు పెట్టాయి. అవి రెక్క కూడదీసుకుని ఎగరడం నేర్చుకుంటుండగా మా వేద ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి సంబరంగా చెప్పింది.

"ఈ మధ్య నేను ఎటు తిరిగినా మిణుకు మిణుకుమంటాండాది అమ్మా. చిన్న చిన్నవి. నేను చూస్తే చాలు, మిణుక్కుమంటాయి. చానా బాగుంటాది."

"పట్టీలో ఏదన్నా లూజుందేమో, చూస్తా ఉండు" అన్నాను. చూశాను, ఏమీ లేదు.

ఆ వారంలోనే గడప ముందు గబ్బిలం పిల్ల ఒకటి పడి ఉంది. వన్నూ దాన్ని తీసుకుపోయి బురుజులో వదిలింది. మరుసటి రోజు బట్టలారేసే తీగకు నాలుగైదు వేలాడుతున్నాయి, పట్టపగలు, ఎండలో. తర్వాత కానుగ కొమ్మకు, రేకుల చూరుకు, వేద బడికి పట్టుకుపోయే గొడుగు అంచుకు కూడా. దిన్నెహాళ్ ఎండ సంగతి మీకు తెలియదు. వానొచ్చి వెలిసినాక ఇంకా మండుతుంది. మధ్యాహ్నానికి ఒక్కొక్కటే రాలి పడేవి. జబ్బేదో తగిలిందనుకుని వన్నూ వాటిని కోసి చూసింది. జబ్బు లేదు. కడుపులో పాలచుక్క లేదు.

నేను రోజూ వేద లేవకముందే కసువు ఊడ్చి, చేటకెత్తి, కానుగ వెనక గుంత తీసి పూడ్చేవాణ్ణి. పిల్లకు తెలియకూడదని నేనే అనుకున్నాను. ఎందుకనుకున్నానో అప్పటికి నాకే తెలియదు.

ఒక ఆదివారం వన్నూ నన్ను పనిగదిలోకి పిలిచింది. బయట వేద వసారాలో కూర్చుని శనిక్కాయలు ఒలుస్తూ పాడుకుంటోంది. వన్నూ తలుపు దగ్గరికి వేసి, పెట్టెకు తగిలించిన హెడ్‌ఫోను నా చెవులకు పెట్టింది.

మొదట పట్టీ కూత వినిపించింది, నాకు బాగా తెలిసిన గొంతు. దాని వెనకే సన్నగా ఒక కిచకిచ. మళ్ళీ పట్టీ కూత. ఈసారి దాని వెనక రెండు కిచకిచలు, ఆ వెనక ఇంకొన్ని. పట్టీ కూసినప్పుడల్లా అవి తోసుకుంటూ పలుకుతున్నాయి.

"ఏందివి?"

"పిల్లలు. చూరులో ఉండాయే, అవి. మన పాపకు జవాబు చెప్తాండాయి."

నాకు అర్థం కాలేదు. వన్నూ కుర్చీలో కూర్చుని, పైట కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"తల్లి పిలవదు అనుకున్నాం కదా. పిలుస్తాది. ఈ జాతిలో తల్లి దారి చూసుకోడానికి ఒక కూత, బిడ్డను పిలవడానికి ఒక కూత అని రెండు లేవు. ఇంటికొచ్చేటప్పుడు రెండూ ఒకటే కూతలో చేస్తాది. అందుకే అది అంత నిండుగా ఉండేది. మనం పాప నుదుటి మీద కట్టింది ఒక బాలింత గబ్బిలం గొంతు. అది పొద్దస్తమానం కూస్తాండాది, అసలు తల్లులకంటే గట్టిగా. పిల్లలు ఇదే అమ్మ అనుకుని ఎంట పడతాండాయి. తల్లులు ఎతుక్కుని ఎతుక్కుని వదిలేస్తాండాయి."

"అంటే?"

"లోకంలో ఎవురూ కనుక్కోని సంగతి ఇది" అంటూ వన్నూ ఏడ్చేసింది. "ఇరవై ఏండ్లు వీటి ఎనక తిరిగినా. తీరా కనుక్కున్నాక ఇట్లా కూసోని ఏడుస్తాండా."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆవిడ ఏమి చెప్పబోతోందో ముందే తెలిసిపోయింది. "పట్టీ తీసేయమంటావు, అంతేనా?" అని అరిచాను. "గబ్బిలాలు సస్తే సావనీ! బురుజంతా సావనీ! నా బిడ్డ ఆకు చూసింది, నా ముఖం చూసింది. దానికంటే నీకు ఆ ముష్టి గబ్బిలాలు ఎక్కువైనాయా?"

వన్నూ కళ్ళు తుడుచుకుంది. "ఎక్కువ కాదప్పా. ఎక్కువైతే తెలిసిన రోజే చెప్పి ఉందును. వారం నుంచి నోరు మూసుకుని ఉండా. పొద్దున్నే నువ్వు చేట ఎత్తుకుపోతావే, కిటికీలోనుంచి చూస్తానే ఉండా."

నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది. వసారాలో వేద పాట సాగుతూనే ఉంది. చివరికి పిల్లకు చెప్పకుండానే వేరే కూత వెతకాలని అనుకున్నాం.

వెతికాం. బిడ్డల తల్లులు కానివాటివి, మగవాటివి, ఎండాకాలంలో తీసినవి, అన్నీ వేశాం. పట్టీ బాగు చెయ్యాలని అబద్ధమాడి కూత మార్చిన రోజున వేద ముఖం చిన్నబుచ్చుకుంది. "ఈ పొద్దు అన్నీ గోడలే నాయనా. నువ్వు కూడా గోడే" అంది. ఆ సాయంత్రమే గడప తట్టుకుని పడి మోకాలు చీరుకుంది. నెత్తురు చూసి నేను ఆగలేకపోయాను. వన్నూను అడక్కుండానే పాత కూత వేసేశాను. "హమ్మయ్య, వచ్చినావు" అని పిల్ల నా ముక్కు పట్టుకుని ఊపింది. తెల్లారి చేట ఇంకా బరువైంది.

ఆ రోజు నేను కసువు ఊడుస్తుంటే వెనక నుంచి వేద గొంతు వినిపించింది. ఎప్పుడు లేచిందో, పట్టీ కట్టుకుని మెట్టు మీద నిలబడి ఉంది.

"చేటలో ఏముండాది నాయనా?"

"తొక్కలు పాపా. శనిక్కాయ తొక్కలు."

"తొక్కలకు రెక్కలుంటాయా?"

అప్పుడు చూడండి, నా తెలివి! ప్రపంచంలో ఎవరినైనా మోసం చెయ్యొచ్చు గానీ, గోరంత వస్తువు రూపు కూడా తెలిసే పిల్లను చేటలో ఉన్నదాని గురించి మోసం చెయ్యబోయాను. అది దగ్గరికొచ్చింది. వేలితో ఒకదాన్ని తాకింది, ఇంకొకదాన్ని తాకింది. మూడోది కదిలింది. వేద దాన్ని అరచేతిలోకి తీసుకుంటే అది ఒళ్ళంతా దగ్గరికి లాక్కుని పిల్ల బొటనవేలును కరుచుకుని పట్టుకుంది. నోరు తెరిచింది. నాకేమీ వినిపించలేదు. వేదకు వినిపించింది.

"మిణుకు" అంది. "నాయనా, ఇది... నా మిణుకు ఇదే."

వన్నూ వచ్చి మా వెనక నిలబడింది. వేద అటు తిరిగి సూటిగా అడిగింది. "అమ్మా, నిజం చెప్పు."

వన్నూ చెప్పింది. నేను వద్దని సైగలు చేస్తూనే ఉన్నాను. ఆ సైగలు పిల్లకూ తెలుస్తాయన్న జ్ఞానం కూడా లేకపోయింది. అంతా విని వేద అరచేతిలోని దానికేసి తల వంచింది.

"అయితే ఆ మిణుకులన్నీ నన్ను అమ్మా అంటాండాయా?"

వన్నూ "ఊఁ" అంది.

"నేను బాగుంటాయని నవ్వుకుంటా ఉన్నా."

అంతే, మెట్టు మీద కూలబడి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. చూపు పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. అప్పుడు చిన్నది, ఏం పోయిందో తెలియని వయసు. వన్నూ పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉంది. నేను చేట పట్టుకుని దిష్టిబొమ్మలాగా నిలబడ్డాను.

ఏడుపు తగ్గినాక ముక్కు చీదుకుని, "నాయనా, నేను హారన్ స్తంభాన్ని" అంది.

ఆ కథ దానికి నేను వందసార్లు చెప్పి ఉంటాను. నిద్రపుచ్చడానికి నాకు వేరే కథలు రావు మరి.

"అమ్మ హారన్ కింద ఉండల్ల అంటావు కదా. వీళ్ళ అమ్మలు బురుజులో ఉండారు. ఈడికి రారు. అయితే స్తంభమే ఆడికి పోవల్ల. పోయి మైకు ఆపల్ల."

"నోరు మూసుకో" అన్నాను. "పెద్ద చెప్పొచ్చినావు. ఏదో ఒక దారి మీ అమ్మ చూస్తాది. కొంచెం ఓపిక పట్టు."

"నేను పడతా నాయనా. అవి పట్టలేవు."

"ఆపితే మళ్ళీ ఎప్పుడు వేసుకుంటావే? ఎప్పుడు?" అని అడిగాను. వేద వాళ్ళమ్మ దిక్కు తిరిగింది. "నాకు తెలీదు పాపా" అంది వన్నూ. "ఈ పిల్లలు పెద్దవై పోయినాక వేసుకోవచ్చేమో. ఏటా పిల్లలు పుడతాయి. ఇంకో కూత దొరికితే సరి. దొరుకుతాదని నేను మాటియ్యలేను."

నేను రానని చెప్పాను. మొండికేశాను. నా చేతులతో చేసిన పట్టీని నా బిడ్డ ఆపుతుంటే నేను చూడనని చెప్పాను. వేద నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"పోయేటప్పుడు నాకు దారి తెలుస్తాది, నువ్వు రాకపోయినా ఏం కాదు. వచ్చేటప్పుడు కావల్ల నాయనా."

సాయంత్రం బయలుదేరాం. పొద్దు గుంకుతోంది, ఇసుక ఇంకా వేడిగానే ఉంది. వేద వాకిట్లో నిలబడి మెల్లగా ఒక చుట్టు తిరిగింది. తీగ మీద నుంచి ఒకటి లేచింది. కానుగలో నుంచి, చూరు కింద నుంచి, తొట్టి వెనక నుంచి ఇంకొన్ని లేచాయి. సరిగ్గా ఎగరడం రానివి, పడుతూ లేస్తూ పిల్ల తల చుట్టూ మూగాయి. ఎగరలేని వాటిని వన్నూ వెదురుబుట్టలో గుడ్డ మీద పెట్టుకుంది. అందరం దిబ్బల దారి పట్టాం.

దారంతా పిల్ల చూస్తూనే నడిచింది. తుమ్మ ముళ్ళు చూసింది, ఇసుక మీద గాలి గీసిన గీతలు వంగి మరీ చూసింది. మేకల్ని తోలుకుపోతున్న గాదిలింగప్ప, "ఏం పాపా, ఊరేగింపా?" అంటే, "అవు మామా, నీ మీసం ఒక దిక్కే లేచి ఉండాది, సరిచేసుకో" అంది. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బురుజు ముందు ఆగి, "ఒక్క నిమిషం" అంది. ముందు వాళ్ళమ్మకేసి తిరిగింది, తర్వాత నాకేసి. నేను ఆ మధ్యాహ్నం నున్నగా గడ్డం గీసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను, అది తప్ప నా చేతిలో ఇంకేముంది?

"గీసుకున్నావే!" అంది. "చెంప మీద కోసుకున్నావు కూడా."

"నీ ధ్యాసలో పడి కోసుకున్నాలే, పా" అన్నాను.

ఇసుకలో పూడిపోగా మిగిలిన కిటికీలోనుంచి లోపలికి దూరాం. తల్లులు ఇంకా మేతకు పోలేదు. పైకప్పు రాళ్ళంతటా కదులుతున్నాయి. వేద నడిమధ్యన నేల మీద కూర్చుంది. మూగినవన్నీ దాని జుట్టుకూ రవికకూ అతుక్కున్నాయి. వన్నూ బుట్టను పక్కన పెట్టింది. వేద తలెత్తి పైన ఉన్న తల్లుల్ని కాసేపు చూసింది. తర్వాత చెయ్యెత్తి చెవి వెనక ఉన్న బొత్తాం నొక్కింది.

నాకు ఏ తేడా తెలియలేదు. నా చెవికి ముందూ నిశ్శబ్దమే, తర్వాతా నిశ్శబ్దమే. వన్నూ హెడ్‌ఫోను పెట్టుకుని పెట్టె పట్టుకుని వింటోంది.

"పిల్లలు అరుస్తాండాయి" అంది. "అన్నీ ఒక్కసారిగా అరుస్తాండాయి. పట్టీ పలకడం లేదని..."

"తల్లులు?"

"లేదు. పలకడం లేదు."

వేద కదలకుండా కూర్చుంది. జుట్టుకు పట్టుకున్నవి పీకుతున్నాయేమో, ముఖం ముడుచుకుంటోంది గానీ చెయ్యెత్తలేదు. బొత్తాం నొక్కేయమని నేను అరవబోయాను. నా నోట్లో మాట ఉండగానే వన్నూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒకటి పలికింది."

పైనుంచి ఒక గబ్బిలం జారినట్టు కిందికొచ్చి వేద భుజం మీద వాలింది. అక్కడున్న పిల్ల దాని కడుపు కింద దూరింది. రెండూ కలిసి లేచిపోయాయి. తర్వాత ఇంకొకటి దిగింది, ఆ వెనక మూడు నాలుగు. వన్నూ ఏడుస్తూ, నవ్వుతూ చెబుతూనే ఉంది. వేదకు ఏదీ తెలియడం లేదు. ఒంటి మీద బరువులు ఒక్కొక్కటే లేచిపోవడం మాత్రం తెలుస్తోంది.

అన్నిటికీ తల్లులు రాలేదు. బుట్టలో కొన్ని అట్లాగే మిగిలాయి. వాటిని వన్నూ రాళ్ళ సందుల్లో పెట్టింది. చీకటి పడింది.

వేద లేచి నిలబడి చెయ్యి ముందుకు చాపింది. గాలిలో అటూ ఇటూ వెతికింది. నేను పట్టుకున్నాను. కిటికీ రాయి తలకు కొట్టుకోకుండా వంచి బయటికి తెచ్చాను. ఇంటిదాకా ఇసుకలో తడబడుతూ నడిచింది, ఒక్కసారి కూడా నా చెయ్యి వదల్లేదు. నాలాంటి వాగుడుకాయ అంత దూరం నోరు మెదపకుండా నడవడం అదే మొదలు.

ఇంటికొచ్చాక పట్టీని వసారాలో మేకుకు తగిలించాం. వన్నూ ఇంకో కూత కోసం రోజూ పొద్దున్నే పనిగదిలో చేరుతోంది. మళ్ళీ మొదటి నుంచి వింటోంది. నేను ఇంకా చిన్న స్పీకరు చేస్తున్నాను. దొరుకుతుందో లేదో తెలియదు. రమీజా వచ్చి వేదను చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోతోంది. ఇప్పుడు గబ్బిలాయి అని పిలవడం మానేసిందట. మా పిల్ల అందుకూ అలిగింది.

తీగ మీదికి ఇక ఏ పిల్లా రాలేదు, ఒక్కటి తప్ప. ఆ పొద్దు వేద బొటనవేలు కరుచుకున్నదే అయి ఉంటుంది. దానికి బురుజులో ఎవరూ లేరు కాబోలు. పొద్దు గుంకే వేళకు పడుతూ లేస్తూ వచ్చి ఆ పట్టీని పట్టుకుని వేలాడుతుంది. పట్టీ పలకదు. అది మాత్రం రోజూ వస్తుంది. చూసి చూసి నాకు తేరులో స్తంభం పట్టుకుని ఏడ్చే బిడ్డలు కళ్ళ ముందు మెదిలి, ఉండబట్టలేక వేదకు చెప్పాను.

ఆ మరుసటి రోజు నుంచి వేద సాయంత్రం కాగానే ఆ మేకు కింద చాప వేసుకుని కూర్చుంటోంది. ఒళ్ళో చిన్న గిన్నెలో మేకపాలు, పాలలో తడిపిన దూదివత్తి.

"వచ్చిందా నాయనా?" అని అడుగుతుంది.

"వచ్చింది పాపా. పట్టీ మీద ఉండాది."

"పిలుస్తాందా?"

నేను పనిగది దిక్కు చూస్తాను. వన్నూ హెడ్‌ఫోను పెట్టుకుని కిటికీలోనుంచి తల ఊపుతుంది.

"పిలుస్తాండాదంట."

వేద బొటనవేలు పైకెత్తి, ఉండేది ఎటువైపో తెలియక, కొంచెం పక్కకు పెట్టి కదలకుండా పట్టుకుంటుంది. నేను ఆ చేతిని సరిగ్గా దాని కిందికి జరుపుతాను.